ఎర్రరంగు పడిన ఊరు

తిత్లీ తుపాను వచ్చి వెళ్లిన మరుసటి ఏడాది, ఎండలు ఇంకా ముదరని రోజుల్లో, ఉద్దానంలో కరెంటు ఏఈగా పనిచేస్తున్న సుహాసినికి డివిజన్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది.

"కంప్యూటర్ తెరిచి చూశావా అమ్మా? నీ సెక్షన్‌లో ఒక ఊరు ఎర్రగా మండిపోతోంది," అన్నారు ఆమె పైఅధికారి డీఈ గారు.

సుహాసినిది రాజాం. ఉద్యోగానికి కొత్త. తుపానుకి సముద్రం ఒడ్డున ఒక్క కరెంటు స్తంభం కూడా నిలబడి లేని రోజుల్లో ఆమెకి ఇక్కడ పోస్టింగ్ ఇచ్చారు. ఎన్నో జిల్లాల నుంచి లైన్‌మన్లు లారీల్లో వచ్చి, వానలో తడుస్తూ స్తంభాలు పాతి, తీగలు లాగి, ఊళ్లకి వెలుగిచ్చి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఈ కొత్త ఏర్పాటు వచ్చింది. ప్రతి ట్రాన్స్‌ఫార్మర్‌కీ ఒక మీటరు, అందులో ఒక సిమ్ కార్డు పెట్టారు. ఊరికి ఎంత కరెంటు వెళ్లిందో అది విశాఖపట్నంలో ఉన్న కంప్యూటర్‌కి చెబుతుంది. ఆ ఊళ్లో ఇళ్లన్నీ కలిసి ఎంత వాడాయో బిల్లుల్లో తెలుస్తుంది. రెంటికీ మధ్య తేడా పెద్దగా ఉంటే మ్యాపు మీద ఆ ఊరు ఎర్రగా, కొద్దిగా ఉంటే పసుపుగా, లేకపోతే పచ్చగా కనిపిస్తుంది.

ఎర్రగా ఉన్నది దిబ్బపాలెం. సముద్రం ఒడ్డునున్న చిన్న చేపలవేట పల్లె. అక్కడికి వెళ్లిన కరెంటులో దాదాపు సగం ఎటు పోతోందో తెలియడం లేదు. దాని పక్కనే, సరుగుడు తోట అవతల ఉన్న మామిడివలస నిగనిగలాడే పచ్చరంగులో ఉంది. నష్టం సున్నా.

సున్నా ఎలా అవుతుంది అని సుహాసినికి ఒక్క క్షణం అనిపించింది. తీగల్లో పారుతున్నప్పుడే కరెంటు ఎంతో కొంత తరిగిపోతుంది కదా. కానీ మామిడివలస ఆమె అక్కని ఇచ్చిన ఊరు. బావ ధనరాజ్ అక్కడ జీడిపిక్కల మిల్లు నడుపుతున్నాడు, ఊరికి పెద్దమనిషి. తనవాళ్ల ఊరు పచ్చగా ఉంటే ఆమెకి సంతోషంగానే ఉంది. ఎరుపు సంగతే అర్థం కాలేదు. దిబ్బపాలెం ఆమె చూసిన ఊరే. ఇంటికి రెండు బల్బులు, ఒక ఫ్యాను, ఒక టీవీ. అంత కరెంటు దొంగిలించి వాళ్లు ఏం చేసుకుంటారు అని ఫోన్‌లోనే అడిగింది.

"ఏం చేసుకుంటారో స్క్వాడ్ వాళ్లు చూస్తారు," అన్నారు డీఈ గారు. "నువ్వు దగ్గరుండు చాలు."

కరెంటు దొంగతనాలు పట్టే స్క్వాడ్ మర్నాడు తెల్లవారుతూనే జీపుల్లో దిబ్బపాలెంలో దిగింది. మగవాళ్లు అప్పటికే వేటకి వెళ్లిపోయారు. ఆడవాళ్లు ఒడ్డున వలలు పరిచి నెత్తళ్ల చేపలు ఎండబోస్తున్నారు. జీపులు చూసి ఎవరో సముద్రంలో పోయారనుకుని ఇద్దరు ముసలమ్మలు ఏడుపు అందుకున్నారు. కరెంటువాళ్లని తెలిశాక కూడా వాళ్ల ఏడుపు ఆగడానికి కొంచెం సేపు పట్టింది.

ఇంటింటికీ వెళ్లారు. తీగలకి కొక్కేలు వేశారేమోనని పైకప్పులు చూశారు, పొయ్యిగదులు చూశారు, మంచాల కింద కూడా చూశారు. ఎక్కడా ఏమీ దొరకలేదు. చివరికి మరిడమ్మ ఇంట్లో ఒక పెద్ద ఫ్రీజరు కనిపించింది.

మరిడమ్మ ఒడ్డున చేపలు కొని కాశీబుగ్గ బజారులో అమ్ముతుంది. నల్లగా, ఎత్తుగా ఉంటుంది. ఎవరితో మాట్లాడినా బజారులో బేరమాడినట్టే గొంతు పెద్దది చేస్తుంది.

"ఇంత పెట్టె పెట్టుకుని బిల్లు ఇంతేనా?" అన్నాడు స్క్వాడ్ ఆఫీసరు.

"ఏట ఉన్నప్పుడే ఏస్తాం బాబూ దాన్ని. ఏట నేకపోతే అందులో దుప్పట్లు ఎట్టుకుంటాం."

ఆయన నమ్మలేదు. బయటికి వచ్చి మీటరు చూశాడు. సీలు లేదు.

"సీలు ఎవరు తీశారు?"

"ఎవులు తీస్తారు? తుపానుకి గోడే నేకుండా పోనాది. గోడ పోయాక సీలేటి మిగుల్తాది?"

ఆఫీసరు లైన్‌మన్ అసిరయ్య వైపు చూసి తలూపాడు. అసిరయ్య స్తంభం ఎక్కి మరిడమ్మ ఇంటి తీగ విప్పేశాడు. ఊరు ఊరంతా వెతికి ఒక్కటీ దొరక్కుండా వెళ్తే బాగోదని ఆఫీసరు అనుకున్నట్టు సుహాసినికి అర్థమైంది. అర్థమైనా ఆపలేదు.

మరిడమ్మ ఆమె ఎదురుగా వచ్చి నిలబడింది.

"అమ్మా, నువ్వు సదువుకున్నదానివి. మేం దొంగలమని మీకెవులు సెప్పారో సెప్పు."

"ఎవరూ చెప్పలేదమ్మా. కంప్యూటర్‌లో వచ్చింది."

"దానికి మేం ఏటి అన్నేయం సేసినాం?"

సుహాసిని జీపు ఎక్కింది. ఫ్రీజరులో ఉన్న చేపలు కుళ్లిపోయాయనీ, మరిడమ్మ వాటిని ఒడ్డున గొయ్యి తీసి పాతేసిందనీ తర్వాత అసిరయ్య చెబితే తెలిసింది.

తరువాతి నెల లెక్క వచ్చింది. దిబ్బపాలెం ఇంకా ఎర్రబడింది.

సుహాసిని కంప్యూటర్ ముందు చాలాసేపు కూర్చుంది. ఏటా వేసవిలో ఉండే వేట నిషేధం మొదలైంది. పడవలన్నీ ఒడ్డున ఉన్నాయి. మరిడమ్మ ఇంటికి కరెంటే లేదు. మిగిలినవాళ్లు భయంతో పగలు ఫ్యాను కూడా వేసుకోవడం లేదట. అయినా పోయే కరెంటు పెరిగింది. విశాఖపట్నంలో ఈ ప్రోగ్రాం చూసే గోవింద్ అనే కుర్రాడికి ఫోన్ చేసింది.

"డేటా కరెక్టే మేడమ్," అన్నాడతను. "కావాలంటే రోజువారీ గ్రాఫు పంపిస్తాను. వాడకం ఏ టైములో పెరుగుతోందో తెలుస్తుంది."

గ్రాఫు చూశాక ఆమె ఇంకా అయోమయంలో పడింది. పొద్దున్న తొమ్మిది దాటాక వాడకం గోడలా పైకి లేస్తోంది. భోజనాల వేళకి దిగిపోతోంది. మళ్లీ లేచి సాయంత్రం ఒక్కసారిగా పడిపోతోంది. ఆదివారాలు అసలు లేవడమే లేదు. వేటకి వెళ్లేవాళ్లకి తొమ్మిది గంటలేమిటి, ఆదివారమేమిటి?

డీఈ గారికి మాత్రం వెంటనే అర్థమైపోయింది. "ఫ్యాక్టరీ అమ్మా అది! దొంగతనంగా ఐసు ఫ్యాక్టరీ నడుపుతున్నారు."

మళ్లీ వెళ్లారు. ఈసారి ఐసు ఫ్యాక్టరీ కోసం. అంత చిన్న ఊళ్లో ఫ్యాక్టరీ దాచే చోటు ఎక్కడుంటుంది? రేకుల షెడ్డు ఒకటి ఉంటే తాళం తీయించారు. లోపల పాత వలలు, విప్పి పెట్టిన పడవ ఇంజను, ఒక తాబేటి డిప్ప. మగవాళ్లు ఈసారి ఊళ్లోనే ఉన్నారు. మాట్లాడకుండా చుట్టూ నిలబడి చూశారు. మరిడమ్మ మొగుడు దాలయ్య మాత్రం మెల్లగా అడిగాడు.

"బాబూ, మాకు తెలీకుండా మా ఊల్లో ప్యాక్టరీ ఉన్నాదంటారా? ఉంటే సూపించండి. మాకూ పని దొరుకుతాది."

ఎవరో నవ్వారు. సుహాసినికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

రెండు రోజుల తర్వాత మరిడమ్మ సెక్షన్ ఆఫీసుకి వచ్చింది. కరెంటు ఇవ్వమని అడగలేదు. "ఆ ఎర్రది నాకు సూపించమ్మా," అంది. సుహాసిని కంప్యూటర్ ఆమె వైపు తిప్పింది. మరిడమ్మ మ్యాపుని చాలాసేపు చూసింది.

"ఇదా మా ఊరు? సముద్రం ఏదీ?"

"అది గీయలేదమ్మా. స్తంభాలూ తీగలే ఉంటాయి."

"మడుసులు?"

"మనుషులు కూడా ఉండరు. ఇళ్ల నంబర్లు ఉంటాయి."

"సముద్రం నేదు, మడుసులు నేరు. మరి దిబ్బపాలెం అని ఎలా సెప్పేత్తన్నాది ఇది?" అని లేచి వెళ్లిపోయింది. మ్యాపు తప్పని సుహాసిని చెప్పలేదు, ఒప్పని కూడా చెప్పలేదు.

ఎన్నికల కోడ్ అయిపోయాక మామిడివలసలో సన్మానం పెట్టారు. చుట్టుపక్కల ఊళ్లన్నిటిలోకీ నష్టం సున్నా ఉన్న ఊరు అదొక్కటే. ఊరి తరఫున ధనరాజ్‌కి శాలువా కప్పుతారు. డీఈ గారు ముఖ్య అతిథి. జీడిమిల్లు ముందు టెంటు వేశారు, మైకు పెట్టారు.

"మరదలా, బేగి వచ్చీ. మీ అక్క నీకోసం గారెలు ఒండుతన్నాది," అని బావ పొద్దున్నే ఫోన్ చేశాడు.

సుహాసిని బయల్దేరింది కానీ ముందు దిబ్బపాలెం వెళ్లింది. గ్రాఫు ఆమెని వదలడం లేదు. ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉన్న మీటరే తప్పేమో, ఇంకో మీటరు పెట్టి చూద్దామని అసిరయ్యని కూడా రమ్మంది. మీటరు మార్చాలంటే ముందు కరెంటు ఆపాలి. అసిరయ్య ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర స్విచ్చి దించాడు. దిబ్బపాలెంలో ఒక ఇంట్లో మోగుతున్న టీవీ ఆగిపోయింది.

ఆమె ఫోన్ మోగింది. బావ.

"సుహాసినీ, ఇక్కడ మైకు సచ్చిపోనాది. డీఈ గారు మాటాడతా ఉంటేనే పోనాది. సూడవే కొంచెం."

"మీ ఊళ్లో ఫ్యూజు పోయిందేమో బావా, ఎవరినైనా పంపిస్తాను," అని పెట్టేసింది. పెట్టాక అలాగే నిలబడిపోయింది. తరువాత అసిరయ్యతో, "స్విచ్చి వెయ్యి," అంది.

"మీటరు మార్చలేదు గదా మేడమ్?"

"వెయ్యి ముందు."

వేశాడు. ఫోన్ మోగింది. "ఆఁ, వచ్చీసింది! థాంక్సే," అన్నాడు బావ.

కాకతాళీయం కావచ్చు. సుహాసిని నుదుటి చెమట తుడుచుకుంది. తను ఏం కనుక్కోబోతోందో అది తనకి కావాలో వద్దో తెలియడం లేదు. "మళ్లీ దించు," అంది.

ఈసారి ఫోన్ చేసింది డీఈ గారు. "ఏమ్మా, ఏం చేస్తున్నావు నువ్వు? ఇక్కడ సభ జరుగుతుంటే మామిడివలసకి కరెంటు ఎందుకు తీస్తున్నావు?"

"సార్, నేను మామిడివలసలో లేను. దిబ్బపాలెంలో ఉన్నాను. దిబ్బపాలెం స్విచ్చే దించాను."

"అయితే ఇక్కడెందుకు పోయింది?" అన్నారాయన. మొదటిసారి ఆయన గొంతులో ఆమె గొంతులో ఉన్న అయోమయమే వినిపించింది.

సుహాసిని, అసిరయ్య తీగ వెంట నడిచారు. దిబ్బపాలెం చివరి స్తంభం నుంచి ఒక లైను సరుగుడు తోటలోకి వెళ్తుంది. అది పాత లైను. అత్యవసరమైతే రెండు ఊళ్లనీ కలపడానికి ఉంచారు, మధ్యలో తీగ తెగ్గొట్టి ఉంటుందని అందరూ అనుకుంటున్నారు. సుహాసిని ఉద్యోగంలో చేరినప్పుడు అడిగితే అసిరయ్య కూడా "తీసేసే ఉంటాది మేడమ్" అన్నాడు. అతను కూడా తుపాను తర్వాత వచ్చినవాడే. తోటలో కొమ్మలు అడ్డం వచ్చి పైకి ఏమీ కనబడలేదు. అసిరయ్య కొమ్మలు వంచి చూసి గట్టిగా నిట్టూర్చాడు.

"కలిపే ఉన్నాది మేడమ్."

తెగి ఉండాల్సిన చోట ఒక చిన్న తీగముక్కతో రెండు లైన్లనీ ముడిపెట్టి ఉంది. తుపాను రోజుల్లో మామిడివలసకి మంచినీళ్ల మోటారు నడవాలని, ముందుగా లేచిన దిబ్బపాలెం ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఎవరో కలిపారు. ఏ జిల్లా నుంచి వచ్చినవాళ్లో, వానలో తడుస్తూ మంచిపనే చేశారు. విప్పడం మరిచిపోయి వెళ్లిపోయారు. మామిడివలసలో తూర్పు వీధి, వేసవి జీడిపిక్కలతో జోరు పెరిగిన బావ జీడిమిల్లు, ఇప్పటికీ దిబ్బపాలెం కరెంటు మీదే నడుస్తున్నాయి. కంప్యూటర్‌లో మాత్రం వాళ్లంతా మామిడివలస లెక్కలోనే ఉన్నారు.

సుహాసిని గోవింద్‌కి ఫోన్ చేసింది. "మామిడివలసకి పంపిన దానికన్నా అక్కడ వాడినదే ఎక్కువ ఉండాలి. మరి సున్నా ఎందుకు చూపిస్తోంది?"

"పంపినదానికన్నా ఎక్కువ ఎవరూ వాడలేరు కదా మేడమ్. అలాంటి లెక్క వస్తే తప్పని సున్నా చేసేలా రాశాం," అన్నాడతను అమాయకంగా. "ఎందుకు మేడమ్, ఏమైనా ప్రాబ్లమా?"

అసిరయ్యని స్విచ్చి వెయ్యమని పంపి, ఆమె టెంటు దగ్గరికి వెళ్లేసరికి శాలువా కప్పడం అయిపోయింది. చెప్పుల నిండా ఇసుక. జుట్టులో సరుగుడు ఆకులు. డీఈ గారు పక్కకి పిలిచి విని, "సరే, ఆ ముడి విప్పించెయ్. ఇక్కడ ఇప్పుడేమీ అనకు. మెల్లగా సరిచేద్దాం," అన్నారు. ఆయన చెడ్డవాడేమీ కాదు. కప్పిన శాలువా ఎలా తీయాలో ఆయనకి తెలియలేదు, అంతే.

అప్పుడే ధనరాజ్ మైకులో, "మా మరదలు, మన ఏఈ, రెండు ముక్కలు మాటాడతాది," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అక్క ముందు వరసలో కూర్చుని నవ్వుతోంది.

సుహాసిని మైకు పట్టుకుంది. ఏం చెప్పాలో సిద్ధం చేసుకోలేదు.

"ఈ ఊరి నష్టం సున్నా కాదండి. కంప్యూటర్ పొరబడింది, మేం కూడా పొరబడ్డాం. ఈ మిల్లూ తూర్పు వీధీ దిబ్బపాలెం ట్రాన్స్‌ఫార్మర్ మీద నడుస్తున్నాయి. మీరు వాడిన కరెంటుకి బిల్లు కట్టారు. వాళ్లు వాడినదానికి వాళ్లూ కట్టారు. దిబ్బపాలెంలో దొంగలు లేరు."

వెనక నుంచి ఒక ముసలాయన లేచాడు.

"దొంగలు మా ఊల్లో ఉన్నారంటావా?"

"లేరు తాతా. ఇక్కడా లేరు."

"అక్కడా నేరు, ఇక్కడా నేరు. మరి పోయిందేటి?"

"ఏమీ పోలేదు."

"ఏటీ పోకపోతే ఇన్నాళ్లూ మీరు ఎతికిందేటి?"

సుహాసిని మైకు కింద పెట్టింది. ధనరాజ్ శాలువా భుజం మీద సర్దుకుని, కాసేపటికి తీసి, మడతపెట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ రోజు ఆమె గారెలు తినలేదు. అక్క తినమనలేదు కూడా.

ముడి విప్పించి, తూర్పు వీధిని మామిడివలస ట్రాన్స్‌ఫార్మర్‌కి కలిపించేసరికి మధ్యాహ్నం దాటింది. అక్కడి నుంచి తిన్నగా దిబ్బపాలెం వెళ్లింది. మరిడమ్మ ఇంటికి అసిరయ్య తీగ కలిపి, మీటరుకి కొత్త సీలు వేశాడు. ఫ్రీజరు గుర్రుమని మొదలైంది. మరిడమ్మ లోపలున్న దుప్పట్లు తీసి బయట పడేసింది.

సుహాసిని ఆమెకి అంతా చెప్పింది. తోటలో ముడి, మిల్లు, సున్నా. మరిడమ్మ అడ్డు రాకుండా వింది.

"అయితే తప్పు ఎవులుది?"

"మాది. ముందు తీగ చూడకుండా మీ ఇళ్లు చూశాం. క్షమించమ్మా."

"నాకు సెప్తే సరిపోద్దేటి? ఎతికినప్పుడు ఇంటింటికీ ఎల్లారు గదా. ఇప్పుడూ ఇంటింటికీ ఎల్లి సెప్పు. రా, నానూ వస్తాను."

ఎండ ఇంకా దిగలేదు. ఇద్దరూ బయల్దేరారు. మొదటి ఇంట్లో సుహాసిని ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మొదలుపెట్టి వివరంగా చెప్పింది. ఆ ఇంటావిడ విని, "అయితే మా బిల్లు తగ్గుతాదా?" అంది. తగ్గదని చెబితే, "మరెందుకు సెప్తన్నావు?" అని ఆశ్చర్యపోయింది. రెండో ఇంట్లో ముసలాయన మామిడివలసవాళ్లు తమ కరెంటు తాగేశారని అర్థం చేసుకుని తిట్టడం మొదలుపెట్టాడు. కాదు తాతా, వాళ్లూ ఏమీ చేయలేదని చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఇంకో ఇంట్లో లక్ష్మణమ్మ అనే ఆమె తలుపు కూడా పూర్తిగా తీయలేదు. "మంచాలు తిరగేసి సూసారు. ఇప్పుడొచ్చి కంపూటరంటారు," అని మూసేసింది. సుహాసిని ఆ తలుపు ముందే నిలబడి, మూసిన తలుపుకే అంతా చెప్పి, ముందుకి నడిచింది.

పోనుపోను చెప్పే మాటలు తగ్గిపోయాయి. ట్రాన్స్‌ఫార్మర్ పోయింది, మ్యాపు పోయింది, రంగులు పోయాయి. ఊరి చివరికి వచ్చేసరికి, "మీరు దొంగలు కారు. మేం తప్పుగా వచ్చాం," అన్న రెండు మాటలే మిగిలాయి.

ఆఖరి ఇంటి అరుగు మీద దాలయ్య మరో ఇద్దరితో కలిసి వల బాగుచేస్తున్నాడు. వేట మళ్లీ మొదలయ్యే రోజు దగ్గరపడుతోంది. సుహాసిని ఆ రెండు మాటలూ చెప్పింది. దాలయ్య చేతిలో పని ఆపలేదు.

"మేం దొంగలం కాదని మాకు తెలుసు గదమ్మా," అన్నాడు. "తెలీనోల్లకి సెప్పాల గానీ."

అది నిజమే. ఎవరికి చెప్పాలో, ఎంతమందికి చెప్పాలో ఆమెకి తోచలేదు. కంప్యూటర్‌కి చెబితే రేపటి నుంచి రెండు ఊళ్లూ ఒకే పసుపురంగులోకి మారిపోతాయి. దానికి నిన్నటి సంగతి గుర్తుండదు.

"కూకో," అంది మరిడమ్మ, అరుగు మీద వల కొంచెం పక్కకి జరిపి. సుహాసిని కూర్చుంది. ఎవరో మంచినీళ్లు తెచ్చి ఇచ్చారు. క్షమించారో, అలసిపోయిందని జాలిపడ్డారో ఆమెకి తెలియలేదు. గ్లాసు అందుకుని తాగింది.